ఎడమ పెడల్ కొంచెం ఎత్తు

ఆమె పోయిన మర్నాడు పేపర్లన్నీ ఆమెకు భయమంటే ఏమిటో తెలియదని రాశాయి. తప్పు. ఆమెకు భయం బాగా తెలుసు. ఎంత ఉందో, నిన్నటి కంటే ఎక్కువో తక్కువో కూడా చెప్పేది. ఎయిర్‌ఫోర్స్‌లో కొత్త విమానాలను అందరికంటే ముందు ఎక్కి చూసే టెస్ట్ పైలట్‌గా చేసి, ఆ తర్వాత టికెట్ కొనుక్కున్న వాళ్ళను అంతరిక్షం అంచుదాకా తీసుకెళ్ళి తెచ్చే ప్రైవేటు కంపెనీలో చేరి, ఆ నౌకను తన చేత్తో నడిపి దిగి వచ్చిన మనిషి. ఇవన్నీ పేపర్లో ఉన్నాయి, పేరూ ఫొటోతో సహా. నేను పేరు రాయను. రాస్తే హెల్మెట్ చంకలో పెట్టుకుని నవ్వుతున్న ఆ ఫొటో వచ్చి ముందు నిలబడుతుంది. నాకు తెలిసినామె సిడ్నీలో, క్వేకర్స్ హిల్‌లో, వంటింటి కుర్చీలో, కళ్ళు మూసుకుని, చేతిలో అట్లకాడ నిలువుగా పట్టుకుని కూర్చుని ఉంటుంది.

మొదటిసారి అలాగే చూశాను. మాస్టర్స్ చదువుకోడానికి హన్మకొండ నుంచి వచ్చి, వాళ్ళింట్లో వెనక గది అద్దెకు తీసుకున్న మూడో రోజో నాలుగో రోజో అనుకుంటా, మధ్యాహ్నం టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళాను. ఒక పిల్ల, నాకంటే రెండు మూడేళ్ళు చిన్నది, గాలిలో ఏవో మీటలు నొక్కుతోంది. కాళ్ళ ముందు రెండు హవాయి చెప్పులు బోర్లా పెట్టి ఉన్నాయి. ఒకసారి ఈ చెప్పు తొక్కుతోంది, ఒకసారి ఆ చెప్పు. పెదవులు కదులుతున్నాయి. దయ్యం పట్టిందేమో అనుకున్నాను. స్టవ్ వెలిగించడానికి భయమేసి అలాగే నిలబడ్డాను.

“రెండు నిమిషాలక్కా. ల్యాండ్ అవుతున్నా,” అంది కళ్ళు తెరవకుండా.

యూనివర్సిటీలో విమానాల ఇంజనీరింగ్ చదివేది. వారాంతాల్లో చిన్న విమానం నడపడం నేర్చుకునేది. గాలిలో ఉండే గంట ఖరీదైనది కాబట్టి మిగతా గంటలన్నీ ఆ కుర్చీలోనే ఎగిరేది. పైలట్లందరూ ఇలాగే నేర్చుకుంటారట. మిగతావాళ్ళ చేతిలో అట్లకాడ ఉంటుందో లేదో నాకు తెలియదు.

ఇంట్లో ఉండేది ఆమె, వాళ్ళ నాన్న. అమ్మ పోయి నాలుగైదేళ్ళయింది. ఆయన బాపట్ల వైపు మనిషి, పిల్లకు ఎనిమిదేళ్ళప్పుడు ఆస్ట్రేలియా వచ్చారు. ముసలివాళ్ళ హోమ్‌లో కేరర్‌గా చేసేవాడు. పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకుని, కూర వండి, డ్యూటీకి వెళ్ళేవాడు. నన్ను ‘తిన్నావా అమ్మా’ అని అడగని రోజు లేదు. అలాంటి మనిషి కన్నకూతురితో మాట్లాడడని నాకు వారం రోజులకు గానీ అర్థం కాలేదు.

కోపంగా ఉండేవాడు కాదు. తిట్టేవాడు కాదు. ఒకే వంటింట్లో ముగ్గురం ఉంటే నా వైపు తిరిగి, “దానికి చెప్పమ్మా, రొయ్యల కూర ఫ్రిజ్‌లో ఉందని,” అనేవాడు. ఆమె అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని ఉండేది. నేను ఆమె వైపు తిరిగి చెప్పేదాకా విననట్టే ఉండేది. చెప్పాక, “రొయ్యల కూర ఫ్రిజ్‌లో. విన్నాను,” అనేది. పైలట్లకు ఎయిర్‌పోర్ట్ టవర్ వాళ్ళు ఏది చెప్పినా తిరిగి అప్పజెప్పి, విన్నామని చెప్పాలట. లేకపోతే చెప్పినట్టు లెక్క కాదట.

“నేనేమన్న పోస్ట్‌మ్యాన్‌నా మీ ఇంట్ల?” అన్నాను ఒకరోజు.

“పోస్ట్‌మ్యాన్ కాదక్కా, టవర్‌వి. పెద్ద పోస్ట్,” అంది.

ఆ పెద్ద ఉద్యోగంలో మొదట్లో నేను బాగా చెయ్యలేదు. మాట ఒకరి నుంచి ఇంకొకరికి తీసుకెళ్ళేటప్పుడు కాస్త నూనె రాసి, గరుకు తీసి ఇవ్వడం మా ఇంట్లో మర్యాద. మా అమ్మ అలాగే చేసేది, మా మేనత్తలిద్దరి కాపురాలూ ఆ నూనెతోనే నిలిచాయి. ఈ పిల్ల దగ్గర అది చెల్లలేదు.

ఒక శనివారం వంటింట్లోకి వస్తే కుర్చీ ముందు చెప్పుల్లేవు. వాటి చోట రెండు చెక్క పెడల్స్ ఉన్నాయి. అడుగున స్ప్రింగులు పెట్టి, కాలు జారకుండా పైన రబ్బరు అతికించి, ఒకే పలకకు బిగించి ఉన్నాయి. వాళ్ళ నాన్న గరాజ్‌లో నాలుగు రోజులుగా ఏదో కోస్తున్నాడని తెలుసు గానీ, ఎందుకో తెలియదు. ఆమె వాటిని చాలాసేపు చూసింది. తర్వాత కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక ఎగరడం, ఒక దిగడం పూర్తి చేసింది. ఆయన సింక్ దగ్గర కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతున్నాడు.

“డాడీకి చెప్పక్కా. పెడల్స్ బాగున్నాయి. గ్రిప్ బాగుంది. ఎడమది కొంచెం ఎత్తు.”

నేను ఆయన వైపు తిరిగి, “చాలా బాగున్నయట అంకుల్,” అన్నాను.

“ఎడమది ఎత్తు అని చెప్పలేదు నువ్వు.”

“పాపం, అంత కష్టపడి చేసిండు కద,” అన్నాను గొంతు తగ్గించి.

“అందుకే చెప్పాలి. బాగుందని ఎవరైనా అంటారు. తొక్కి చూసినవాళ్ళకే గదా తెలిసేది ఎడమది ఎత్తని.”

చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుని, ఆ పలక ఎత్తి గరాజ్‌లోకి తీసుకెళ్ళాడు. సాయంత్రానికి ఎడమది చెక్కి తెచ్చి పెట్టాడు. ఆమె మళ్ళీ కూర్చుని తొక్కి, “సరిపోయింది,” అంది. ఆయన మొహంలో ఆరోజు కనిపించినంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు. ప్రేమంటే మెచ్చుకోవడమని అప్పటిదాకా నా నమ్మకం.

ఆమె ఈ గుణం వల్ల పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఆదివారం మధ్యాహ్నాలు హారిస్ పార్క్‌లో ఒక స్వీట్ షాపులో పనిచేసేది. “మైసూర్‌పాక్ తాజాదేనా అమ్మా?” అని ఎవరైనా అడిగితే, “గురువారందాంటీ. జిలేబీ మాత్రం ఇప్పుడే దించారు,” అనేది. షాపు ఓనరు తలపట్టుకుని ఆమెను లోపల ప్యాకింగ్‌లో కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళు ‘ఆ అమ్మాయిని పిలవండి’ అని అడగడం మొదలుపెట్టాక మళ్ళీ కౌంటర్‌కు తెచ్చాడు. కూర ఎలా ఉందని ఆమెను అడగొద్దని నేను త్వరగానే నేర్చుకున్నాను.

తండ్రీ కూతుళ్ళ మధ్య మాట ఎందుకు పోయిందో ఒక పొద్దున ట్రైన్‌లో చెప్పింది. యూనికి ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం. బ్లాక్‌టౌన్ దాటాక సీటు దొరికింది. కిటికీలోంచి బయటికి చూస్తూ, వేరేవాళ్ళింట్లో జరిగినట్టు చెప్పింది.

వాళ్ళ సంఘంలో ప్రతి ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పే ఆనవాయితీ ఉంది. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు ఏదో ఒకటి, లేచి నిలబడి అందరికీ చెప్పాలి. పిల్లలు కూడా చెప్పాలి. ఈమె చిన్నప్పుడే ఒకసారి లేచి, “వర్షం ఆగాలని ప్రార్థన చేశాను. ఆగలేదు. స్కూల్ పిక్నిక్ క్యాన్సిల్ అయింది. ఆమేన్,” అందట. అందరూ నవ్వారు. వాళ్ళమ్మ కూడా నవ్వింది.

తర్వాత కొన్నేళ్ళకు వాళ్ళమ్మకు కడుపులో క్యాన్సర్ అన్నారు. వైద్యం నడుస్తోంది, సంఘమంతా ఉపవాసాలుండి ప్రార్థన చేస్తోంది. ఒక ఆంటీకి స్వస్థత జరిగిపోయినట్టు దర్శనమైంది. ఆ ఆదివారం వాళ్ళ నాన్న లేచి, నా భార్యను ప్రభువు పూర్తిగా బాగుచేశాడని సాక్ష్యం చెప్పాడు. అలా ఒకసారి చెప్పాక మళ్ళీ ఆసుపత్రికి వెళ్తే అపనమ్మకం కిందికి వస్తుంది. ఆయన ఆ వారం డాక్టర్‌తో ఉన్న అపాయింట్‌మెంట్ వద్దనుకున్నాడు. చెడ్డ ఉద్దేశంతో కాదు. ఎంత ప్రేమ ఉంటే అంత గట్టిగా నమ్మాడు. అదే ఆరాధనలో కూతురిని కూడా రెండు మాటలు చెప్పమన్నారు. ఈమె లేచింది.

“ఏం చెప్పినవ్?” అన్నాను.

“చూసింది చెప్పాను. ఈ వారం అమ్మ అన్నం తినలేదు. మేం చూడట్లేదనుకున్నప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. ప్రార్థన ఆపొద్దు, కానీ డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్ళండి అన్నాను.”

“అమ్మ ఏమన్నది?”

“కార్‌లో నా చెయ్యి పట్టుకుంది. మంచిపని చేశావ్, నాకు చెప్పే ఓపిక లేకపోయింది అంది.” పారమట్టా వచ్చింది, జనం ఎక్కారు. కాళ్ళు దగ్గరికి తీసుకుని వాళ్ళకు చోటిచ్చింది. “మూడు నెలలకు పోయింది. నేను అలా అనకుండా ఉంటే ప్రార్థన నిలబడేదని డాడీ అనుకున్నాడు. అప్పట్నుంచి నాతో మాట్లాడట్లేదు.”

నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఇంటికి వెళ్ళగానే కడిగేద్దామనుకున్నాను. ఇంటికి వెళ్ళేసరికి ఆయన ఏప్రన్ కట్టుకుని, కూతురికి ఇష్టమని ఉల్లికారం నూరుతున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఉల్లిపాయలకే కావచ్చు. పక్కన నిలబడి వెల్లుల్లి ఒలిచిచ్చాను.

ఎయిర్‌ఫోర్స్‌లో ఆమెను తీసుకున్నట్టు తెలిసింది నా చదువు అయిపోయే రోజుల్లో. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చింది. ఆయన చేపలు వేయిస్తున్నాడు.

“డాడీకి చెప్పక్కా. తీసుకున్నారు.”

చెప్పాను. ఆయన చేప ముక్క తిరగేశాడు.

“జాగ్రత్తగా ఉండమని చెప్పమ్మా దానికి.”

చెప్పాను. “జాగ్రత్తగా ఉండమన్నారు. విన్నాను. ఉంటానని మాట ఇవ్వలేను, ప్రయత్నిస్తానని చెప్పు,” అని, కాసేపు నిలబడి, “ఇంకేమైనా చెప్పమన్నాడా?” అంది. ఆయన పక్కనే ఉన్నాడు, అయినా నన్నే అడిగింది. ఏం లేదన్నాను. సరేనని తన గదిలోకి వెళ్ళింది.

ఇక నేను ఆగలేకపోయాను. “అంకుల్, ఇట్ల ఎన్ని రోజులు? పిల్ల పోతున్నది. ఒక్కసారి మీరే మాట్లాడరాదు?”

ఆయన స్టవ్ ఆపాడు.

“అది ఆరోజు చెప్పింది నిజమేనమ్మా. నాకు ఎప్పుడో తెలుసు. అది చెప్పబట్టే మళ్ళీ ఆసుపత్రికి పోయాం, మందులిచ్చారు, మా ఆవిడ ఆ మూడు నెలలు నొప్పి లేకుండా పోయింది. నేను చెప్పిందే అబద్ధం. దేవుడి పేరు మీద చెప్పిన అబద్ధం. ఆ మాట దాని మొహం చూసి చెప్పాలంటే నాకు నోరు రావట్లా.”

“నేను చెప్త అంకుల్. ఇప్పుడే చెప్త.”

“వద్దమ్మా. కూర సంగతి నువ్వు చెప్పొచ్చు. ఇది నేనే చెప్పాలి. చెప్తాను. నువ్వు మాత్రం చెప్పబాకు, ఒట్టు.”

ఒట్టు వేశాను. ఎందుకు వేశానా అని ఇప్పటికీ బాధపడుతున్నాను. కానీ ఆయన అన్నది కూడా నిజమే. ఆ మాట మోసుకెళ్ళే హక్కు నాకు లేదు.

తర్వాత నేను ఉద్యోగానికి మెల్‌బోర్న్ వచ్చేశాను. ఆమె ట్రైనింగ్ అనీ, స్క్వాడ్రన్ అనీ, ఆ తర్వాత టెస్ట్ పైలట్ల స్కూలనీ ఎక్కడెక్కడికో వెళ్ళింది. టవర్ ఉద్యోగం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఎక్కడున్నా ఫోన్ చేసి, “డాడీకి చెప్పు, సేఫ్‌గా దిగాను,” అనేది. నేను క్వేకర్స్ హిల్‌కు ఫోన్ చేసి చెప్పేదాన్ని. “అన్నం తింటుందా అడుగు,” అనేవాడాయన. మళ్ళీ ఆమెకు చేసేదాన్ని. అసలు టెస్ట్ పైలట్ చేసే పనేమిటని అడిగితే, “విమానం మీద చాడీలు చెప్పడం,” అంది. కొత్త విమానాన్ని పైకి తీసుకెళ్ళి, అది ఎక్కడ మొరాయిస్తుందో కనిపెట్టి, కిందికి వచ్చి ఇంజనీర్లకు ఉన్నదున్నట్టు చెప్పాలి. ఎగరడం అందులో సగమేనట. తిరిగొచ్చి చెప్పకపోతే ఎగిరినట్టు కాదట.

ప్రతి ఫోన్ చివర ఒకటే ప్రశ్న. “ఇంకేమైనా చెప్పమన్నాడా?”

“లేదురా,” అనేదాన్ని. అది నిజమే. ఆ నిజం చెప్పడానికే నా ప్రాణం పోయేది.

ఆ ప్రైవేటు కంపెనీలో చేరి, మొదటిసారి నౌకలో పైకి వెళ్ళి వచ్చాక సంఘంవాళ్ళు పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. ఆ వీడియో నాకు ఎవరో పంపారు. హాలు నిండిపోయింది. అందరూ ఆకాశం గురించి ఏదో గొప్పమాట కోసం చూస్తున్నారు. “పైన నల్లగా ఉంది. పగలే, అయినా నల్లగా ఉంది. కింద సన్నగా నీలం గీత. నాకు భయమేసింది, అనుకున్నంత కాదు,” అంది. ముందు వరసలో ఒక ఆంటీ ఉండబట్టలేక, “అంత ఎత్తుకెళ్ళావు కదా తల్లీ, అమ్మ గుర్తొచ్చిందా?” అంది.

“లేదాంటీ. పైన పని ఎక్కువుంది. దిగాక, కాళ్ళు నేల మీద పెట్టాక గుర్తొచ్చింది. చాలా గుర్తొచ్చింది.”

వీడియో తీస్తున్నవాళ్ళు ఒక్క క్షణం వాళ్ళ నాన్న వైపు తిప్పారు. ఆయన పైకి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. నేను ఆ ముక్కను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో.

రెండోసారి వెళ్ళడానికి ముందు, ఎవరూ అడగకుండానే, కడుపులో ఒక చోట చిన్న నొప్పి ఉందని కంపెనీ డాక్టరుకు తనే చెప్పింది. చెప్పకపోతే ఎగిరేది. పరీక్షలు చేస్తే తల్లికి వచ్చినదే. నౌక ఇంకొకరికి ఇచ్చారు. “నా మీద నేనే చాడీ చెప్పుకున్నానక్కా,” అంది ఫోన్‌లో. నవ్వడానికి చూసింది, నవ్వు రాలేదు.

చివరి వారం నేను సిడ్నీలోనే ఉన్నాను. ఎన్నో ఏళ్ళు ముసలివాళ్ళకు చేసిన సేవంతా ఆయన ఇప్పుడు కూతురికి చేస్తున్నాడు. మొహం తుడవడం, పక్కకు తిప్పడం, చెంచాతో జావ పట్టడం. ఆ చేతుల్లో ఎంత మాట ఉందో చూస్తే తెలుస్తుంది. నోటితో మాత్రం, “రెండు చెంచాలు తాగమని చెప్పమ్మా,” అనేవాడు. “రెండు చెంచాలు. విన్నాను. ఒకటే తాగగలను,” అనేది ఆమె. ఒక సాయంత్రం ఆయన జావ గిన్నె కడగడానికి వెళ్ళినప్పుడు నా వైపు చూసింది. “భయం ఉందక్కా. నిన్నటి కంటే తక్కువ,” అంది. తర్వాత అడిగింది, “ఇంకేమైనా చెప్పమన్నాడా?”

నేను లేచి బయటికి వెళ్ళి, సింక్ దగ్గర ఆయన భుజం పట్టుకున్నాను. “అంకుల్, ఇగ టైమ్ లేదు. ఇప్పుడన్న చెప్పండి.”

“రేపు పొద్దున చెప్తానమ్మా. ఇప్పుడు అలిసిపోయుంది,” అన్నాడు. మర్నాడు పొద్దున ఆమెకు తెలివి లేదు. రాత్రికి పోయింది.

అంత్యక్రియల ప్రార్థన కెల్లీవిల్‌లో, వాళ్ళ సంఘం హాల్లోనే జరిగింది. వెనక వరసల్లో ఎయిర్‌ఫోర్స్ యూనిఫామ్‌లు, కంపెనీ వాళ్ళు. ముందు వరసల్లో సంఘం. ఒక్కొక్కరూ లేచి ఆమె గురించి సాక్ష్యం చెప్పారు. ప్రతి విమానం ఎక్కేముందూ మోకాళ్ళ మీద ప్రార్థన చేసేదని ఒకరు, ఆమెకు అసలు భయమే లేదని ఇంకొకరు. మంచి మనసుతోనే చెబుతున్నారు. నాకు మాత్రం, ‘ఎడమది ఎత్తు అని చెప్పలేదు నువ్వు’ అనే గొంతు వినిపిస్తూనే ఉంది.

ఆఖరున వాళ్ళ నాన్న లేచాడు. మామూలుగా సాక్ష్యం చెప్పేటప్పుడు ఆయన భాష మారిపోయేది, గొంతు పైకి లేచేది. ఆరోజు వంటింట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు.

“నేను చూసిందే చెప్తాను. ఆ వారం మా ఆవిడ అన్నం తినలేదు. గోడ పట్టుకుని నడిచింది. నేనూ చూశాను. చూసి కూడా బాగైందని ఇక్కడే నిలబడి చెప్పాను. నా కూతురు ఇక్కడే నిలబడి నిజం చెప్పింది. అది చెప్పినందుకు నేను దాంతో మాట్లాడ్డం మానేశాను. అది తప్పు చెయ్యలేదు. నేను చేశాను. ఇది దానికి చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.”

ఎవరూ ఆమేన్ అనలేదు. ఏం చెయ్యాలో తెలియనట్టు ఆయన అటూ ఇటూ చూశాడు. మూడో వరసలో ఉన్న నేను కనిపించాను. ఆమెను పడుకోబెట్టిన పెట్టె ఆయన పక్కనే ఉంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో.

“దానికి చెప్పమ్మా,” అన్నాడు.

నేను లేచి వెళ్ళాను. పెట్టె మీదికి వంగి, ఆయన అన్నది అన్నట్టు, ఒక్క మాట కూడా మెత్తగా చెయ్యకుండా, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. చెప్పి, అలవాటు కొద్దీ, విన్నానంటుందేమోనని కాసేపు ఆగాను.